బీఫ్ కీమా, కూరగాయల బాణలి: ఆదివారం వండితే బుధవారానికి నీళ్లు ఊరుతున్నాయి, ఎలా సరిచేయాలి?

వారం డబ్బాలు

నమస్కారమండి. నెల రోజులుగా ఆదివారం సాయంత్రం ఒకే పెద్ద బాణలిలో బీఫ్ కీమా, కూరగాయలు కలిపి వండి, వారానికి డబ్బాలు సర్దుకుంటున్నాను. ఇంట్లో ఇద్దరం ఉద్యోగస్తులం. రోజూ మధ్యాహ్నం బయట కొనుక్కుని తింటుంటే నెల మూడో వారానికే చేయి ఖాళీ అయిపోయేది. వండుకోవడం మొదలుపెట్టాక ఖర్చు బాగా తగ్గింది. తిండి మాత్రం కుదరడం లేదు.

నేను చేసేది ఇదీ. అర కిలో కీమా, రెండు ఉల్లిపాయలు, మూడు క్యారెట్లు, రెండు క్యాప్సికం, ఒక జుకీని, మూడు టమాటాలు. నూనె కాగాక అన్నీ ఒకేసారి వేసి, ఉప్పు, కారం, జీలకర్ర పొడి చల్లి, మూత పెట్టి 25 నిమిషాలు ఉడికిస్తాను. చల్లారాక డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెడతాను.

ఆదివారం రాత్రి తింటే పరవాలేదు. సోమవారం కూడా సరే. మంగళవారానికి కూరగాయలు మెత్తబడిపోతాయి. బుధవారం డబ్బా తెరిస్తే అడుగున వేలెడు నీళ్లు, కీమా బూడిద రంగులో ముద్దగా ఉంటుంది. వేడి చేస్తే ఒక రకమైన పాత వాసన. పాడైన వాసన కాదు, కానీ ముద్ద నోట్లోకి పోదు. పైగా ఇద్దరికీ నాలుగు రోజులకి ఎనిమిది డబ్బాలు కావాలి, ఆరు కూడా సరిగ్గా రావడం లేదు. కీమా ఎక్కువ కొంటే చేసిన ఆదా అంతా అటే పోతుంది.

ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పగలరా?

ఇనుప పెనం

మీ సమస్యలన్నిటికీ మూలం ఒకటేనండి, నీళ్లు. కీమాలో సగానికి పైగా నీరే. క్యాప్సికం, జుకీని, టమాటా అయితే నూటికి తొంభై పాళ్లు నీరు. అవన్నీ ఒకేసారి బాణలిలో పోసి మూత పెడితే అది వేయించడం కాదు, ఉడకబెట్టడం. నీళ్లు ఉన్నంతసేపూ బాణలి 100 డిగ్రీలు దాటదు. మాంసానికి ఆ ఎర్రటి రంగు, వేపుడు వాసన రావాలంటే పైపొర దాదాపు 140 డిగ్రీలు చేరాలి. 1912లో మయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించిన చర్య అది, అందుకే ఆయన పేరుతోనే పిలుస్తారు. మీ బాణలిలో ఆ చర్య మొదలయ్యే అవకాశమే లేదు.

ఒకసారి ఇలా చేసి చూడండి. వెడల్పాటి బాణలి బాగా వేడెక్కనివ్వండి. కీమా మాత్రమే వేయండి, అదీ రెండు విడతలుగా. వేసి పలచగా పరిచి, గరిటె పక్కన పెట్టేయండి. మూడు నాలుగు నిమిషాలు కదపొద్దు. చెవి పెట్టి వినండి. మొదట చుయ్‌మంటుంది. తర్వాత కీమా నీళ్లు వదిలి కుతకుతమంటుంది. ఈ దశలోనే చాలామంది అయిపోయిందనుకుని కూరగాయలు వేసేస్తారు. ఆగండి. ఆ నీళ్లు ఇగిరాక కుతకుత ఆగిపోయి చిటపట మొదలవుతుంది. అంటే నీరు పోయింది, ఇప్పుడు కొవ్వులో వేగుతోందని అర్థం. అప్పుడు అట్లకాడతో కింద నుంచి లేపి తిప్పండి. అడుగు ముదురు గోధుమ రంగులో ఉంటుంది. తిప్పిన తర్వాతే చిన్న ముక్కలుగా చిదపండి.

నాకు ఈ తేడా తెలియడానికి రెండేళ్లు పట్టింది. ఎవరైనా మొదటి రోజే చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

హాస్టల్ వంట

ఇనుప పెనం గారు చెప్పింది అక్షరాలా నిజం. దానికి ఒక చిన్న చిట్కా కలుపుతాను. అర కిలో కీమాకి పావు టీస్పూను వంటసోడా ఒక చెంచా నీళ్లలో కలిపి పట్టించి, పదిహేను నిమిషాలు వదిలేయండి. కీమా కాస్త క్షారంగా మారి తనలోని నీటిని తక్కువ వదులుతుంది, రంగు కూడా త్వరగా వస్తుంది. పావు టీస్పూను దాటించవద్దు, దాటితే సబ్బు రుచి వస్తుంది. నాది చిన్న బాణలి, చిన్న పొయ్యి. ఈ చిట్కా లేకపోతే నా కీమా ఎప్పటికీ వేగేది కాదు.

నిదానం

కూరగాయల సంగతి నేను చెప్తాను.

జుకీని తీసేయండి. ఆ పూటకి తినేస్తే అది మంచి కూరే. డబ్బాలో మూడు రోజులు ఉండే వంటకి పనికిరాదు, ఉప్పు తగిలిన క్షణం నుంచీ నీళ్లు కారుతూనే ఉంటుంది. దాని బదులు క్యాబేజీ వేయండి. క్యాబేజీ చవక, ఫ్రిజ్‌లో వారాల తరబడి నిలవుంటుంది, వేయించాక కూడా పళ్లకి తగులుతూ ఉంటుంది. అంగుళం వెడల్పు ముక్కలుగా కోయండి. సన్నగా తరిగితే అదీ నీళ్లు వదులుతుంది.

కీమా తీసి పక్కన పెట్టాక అదే బాణలిలో ముందు క్యారెట్, నాలుగు నిమిషాలు. తర్వాత ఉల్లిపాయ. ఉల్లి అంచులు రంగు తిరిగాక క్యాబేజీ, పెద్ద మంట మీద, మూత లేకుండా. క్యాప్సికం ఆఖరి రెండు నిమిషాలే. ఫ్రీజర్ బఠానీలు వేసేటట్లయితే కరిగించకుండా గడ్డగా ఉన్నవే ఆఖర్న చల్లండి, బాణలి వేడికే సరిపోతాయి.

అన్నిటికన్నా ముఖ్యం, కూరగాయలు పూర్తిగా ఉడకనివ్వకండి. ఇంకో రెండు నిమిషాలు ఉంచితే బాగుండు అనిపించే దగ్గరే దించేయాలి. ఆ రెండు నిమిషాలూ మీరు తర్వాత డబ్బా వేడి చేసినప్పుడు పడతాయి. ఆదివారం రాత్రి తినడానికి సరిగ్గా కుదిరిందంటే బుధవారానికి మెత్తబడిపోయినట్టే.

ఇనుప పెనం

నిదానం గారి ఆఖరి మాట రెండుసార్లు చదవండి.

టమాటాల గురించి కూడా ఒక మాట. మూడు పచ్చి టమాటాల బదులు రెండు చెంచాల టమాటా పేస్ట్ వాడండి. కూరగాయలని పక్కకి నెట్టి, బాణలి మధ్యలో పేస్ట్ వేసి, ఎరుపు ముదిరి ఇటుక రంగు వచ్చేదాకా ఒక నిమిషం వేయించండి. పులుపూ రుచీ వస్తాయి, నీళ్లు రావు. నాలా ఇనుప బాణలి వాడేవాళ్లకి ఇంకో లాభం కూడా ఉంది. టమాటా ముక్కలు అరగంట ఉడికితే ఆ పులుపు పెనం మీది నూనె పొరని తినేస్తుంది, కూరకి ఇనుప రుచి పడుతుంది. పేస్ట్ ఒక నిమిషం తగిలితే ఏమీ కాదు.

పప్పుగింజ

డబ్బాలు చాలడం లేదన్నారు కదా. అదే అర కిలో కీమాకి వంద గ్రాముల మసూర్ పప్పు కలపండి. పొట్టు తీయని గోధుమ రంగు మసూర్ అయి ఉండాలి. పొట్టు తీసిన ఎర్ర పప్పు అయితే ముద్దయిపోతుంది. విడిగా ఇరవై నిమిషాలు ఉడికించి, చిదిమితే మెదిగేలా, కానీ గింజ గింజగా ఉండగానే వార్చేయండి. వార్చాక జల్లెడలోనే పది నిమిషాలు వదిలేస్తే ఆవిరి పోయి పొడిపొడిగా అవుతుంది. అది కీమాతో కలిసి రెండు నిమిషాలు వేగితే ఏది పప్పో ఏది మాంసమో నోటికి తెలియదు. ఉప్పు మాత్రం పప్పుకి విడిగా వేయాలి, లేకపోతే మొత్తం చప్పగా తోస్తుంది.

మా ఇంట్లో మాంసం తక్కువైందని పిల్లలు గుర్తుపడతారేమోనని మొదట టెన్షన్ పడ్డాను. ఆరు నెలలైంది, ఎవరూ అడగలేదు.

కొలతల మనిషి

పప్పుగింజ గారి సలహాని లెక్క వేసి చూశాను. వంద గ్రాముల పప్పు ఉడికితే దాదాపు 250 గ్రాములు అవుతుంది. అర కిలో కీమా వేగితే నాలుగో వంతు తగ్గి 375 గ్రాముల దాకా మిగులుతుంది. కిలో కూరగాయలు వేయించాక సుమారు 800 గ్రాములు. మొత్తం 1,400 గ్రాములకి పైమాటే. ఎనిమిది డబ్బాలకి పంచితే ఒక్కోదానికి 175 గ్రాములు, పక్కన అన్నం ఉంటే ఒక పూటకి చాలు.

మాంసకృత్తులు కూడా చూద్దాం. 20 శాతం కొవ్వున్న కీమాలో వంద గ్రాములకి 17 గ్రాములు, అర కిలోకి 85. పప్పులో ఇంకో 24. మొత్తం 109. డబ్బాకి దాదాపు 14 గ్రాములు. చాలదనుకుంటే పప్పు 150 గ్రాములు చేయండి, కీమా ముట్టుకోవాల్సిన పని లేదు.

ఇక అందరూ రంగు గురించి మాట్లాడుతున్నారు కాబట్టి ఒక విషయం చెప్పాలి. రంగు చూసి కీమా ఉడికిందని నిర్ణయించకండి. లోపల చాలినంత వేడి చేరకముందే గోధుమ రంగుకి తిరిగే కీమా ఉంటుంది, వేడి చేరాక కూడా గులాబీ రంగు పోని కీమా ఉంటుంది. చేరాల్సింది 71 డిగ్రీలు. పెద్ద మాంసం ముక్కకైతే క్రిములు పైన మాత్రమే ఉంటాయి, పైన కాలిస్తే చాలావరకు పోతాయి. కీమా కొట్టినప్పుడు పైనున్నది లోపలికి కలిసిపోతుంది, అందుకే ప్రతి రేణువూ ఉడకాలి. వంట థర్మామీటర్ ఉంటే కీమా అంతా బాణలిలో ఒక పక్కకి కుప్పగా చేర్చి, కుప్ప మధ్యలోకి పక్క నుంచి గుచ్చి చూడండి.

మూడు పూటల

కొవ్వు ఎంతున్న కీమా కొనాలి? చవగ్గా వచ్చేది ఎప్పుడూ 20 శాతంది. 10 శాతంది కొంటే ఆరోగ్యం అంటారు, కానీ ధర చూస్తే చేయి వెనక్కి పోతుంది. 20 శాతంది కొని కొవ్వు పారబోస్తే డబ్బులు పారబోసినట్టు కాదా?

ఇనుప పెనం

ఈ వంటకి 20 శాతందే కొంటాను నేను. కీమా వేగాక గిన్నె మీద జల్లెడ పెట్టి అందులోకి దించుతాను, కొవ్వు కిందికి దిగుతుంది. అందులోంచి రెండు చెంచాలు మళ్లీ బాణలిలో పోసి కూరగాయలు వేయిస్తాను, వేరే నూనె అక్కర్లేదు. మిగతాది పారబోయను, సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి బంగాళాదుంపలు వేయించడానికి వాడతాను.

కొలతల మనిషి

ఇక్కడ నేను కొంచెం విభేదిస్తాను. అప్పటికప్పుడు తినే కూరలో కొవ్వు ఉంటే రుచే. చల్లారి మళ్లీ వేడయ్యే డబ్బాలో మాత్రం అది పైన తెల్లటి పొరలా గడ్డకడుతుంది, మైక్రోవేవ్‌లో ఒకచోట కరిగి ఒకచోట కరగదు. రెండు చెంచాలు కూడా ఎక్కువే, ఒకటి చాలు. కొవ్వు వేడిగా ఉండగా సింక్‌లో మాత్రం ఎవరూ పోయకండి, గొట్టంలో గడ్డకట్టి కూర్చుంటుంది. కొందరు వేగిన కీమాని వేడినీళ్లతో కడుగుతారు కూడా. కడిగితే కొవ్వుతో పాటు రుచి మొత్తం పోతుంది, ఆ కొవ్వు నీళ్లు చేరేదీ అదే గొట్టంలోకి.

ఇనుప పెనం

ఒకటో రెండో మీ బాణలి సైజుని బట్టి చూసుకోండి. నాది పెద్దది.

రెండో షిఫ్ట్

ఇంత హడావుడి అవసరమా అనిపిస్తోంది నాకు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి రాత్రి పదకొండవుతుంది. వండేసి, మూత పెట్టి, పొయ్యి మీదే వదిలేసి పడుకుంటాను. పొద్దున లేచి ఒకసారి మరిగించి డబ్బాల్లో పోస్తాను. ఏళ్ల తరబడి ఇలాగే చేస్తున్నాను, ఏమీ కాలేదు.

కొలతల మనిషి

రెండో షిఫ్ట్ గారూ, మీ అలసట నాకు అర్థమవుతుంది, అయినా దయచేసి ఇది మానేయండి. మాంసంలో క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. దాని బీజాలు మరిగే వేడికి కూడా చావవు. పెద్ద గిన్నెలో మాంసం మెల్లగా చల్లారుతుంటే, ముఖ్యంగా 43 నుంచి 47 డిగ్రీల మధ్య, అవి మొలకెత్తి చాలా వేగంగా పెరుగుతాయి. మూత పెట్టి పొయ్యి మీద వదిలేసిన బాణలి దానికి సరిగ్గా సరిపోయే చోటు. తిన్న 6 నుంచి 24 గంటల్లో కడుపునొప్పి, విరేచనాలు. బయట ఏదో తిన్నది పడలేదనుకుని ఊరుకుంటాం, బాణలి మీద అనుమానం రాదు.

పొద్దున మరిగిస్తే సరిపోతుందనేది కూడా నమ్మకండి. మరిగిస్తే బ్యాక్టీరియా చావొచ్చు. కానీ కొన్ని రకాలు ఆహారంలో ముందే వదిలేసిన విషం మరిగించినా పోదు. పక్కన పెట్టుకునే అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ అలాంటిదే.

లెక్క ఇదీ. పొయ్యి కట్టేశాక 2 గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి. గది 32 డిగ్రీలు దాటి ఉంటే ఒక గంటే. ఫ్రిజ్ 4 డిగ్రీలు గానీ అంతకంటే తక్కువ గానీ ఉండాలి.

రెండో షిఫ్ట్

సరేనండి, ఇది నాకు తెలియదు. కానీ రెండు గంటలు మేలుకుని కూర్చోలేను. వేడివేడిది ఫ్రిజ్‌లో పెడితే ఫ్రిజ్ పాడవుతుందని విన్నాను, అందుకే బయట వదిలేసేవాడిని.

ఫ్రీజర్ నిండా

పెద్ద గిన్నెతో సహా పెడితే ఫ్రిజ్ లోపలంతా వేడెక్కుతుంది, ఆ భయం నిజమే. డబ్బాల్లోకి పంచితే ఆ బాధ లేదు. కూర మందం రెండు అంగుళాలు దాటకుండా వెడల్పాటి డబ్బాల్లో పరవండి. ఇంకా త్వరగా కావాలంటే పెద్ద పళ్లెంలో లేదా బేకింగ్ ట్రేలో పలచగా పరిస్తే పావుగంటలో ఆవిరి ఆగిపోతుంది. మీరు స్నానం చేసి వచ్చేలోగా అయిపోతుంది. తర్వాత డబ్బాల్లో సర్ది, మూత కొంచెం వారగా పెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయండి. పూర్తిగా చల్లబడ్డాక పొద్దున మూత బిగించండి.

వారం డబ్బాలు గారి అడుగున నీళ్లకి ఇది కూడా ఒక కారణమే. వేడిగా ఉండగా మూత బిగిస్తే లోపలి ఆవిరి మూతకి తగిలి చుక్కలుగా మళ్లీ కూరలోకే రాలుతుంది. ఈసారి మూత తీసినప్పుడు దాని లోపలి వైపు చూడండి, చుక్కలు బారులుగా ఉంటాయి.

ఇక ఆ పాత వాసన. అది కూర చెడిపోవడం కాదు. ఉడికిన మాంసంలోని ఇనుము, కొవ్వు, గాలి కలిసి చేసే పని. వండిన మర్నాటి నుంచే మొదలవుతుంది, మళ్లీ వేడి చేసినప్పుడు బయటపడుతుంది. దాన్ని తగ్గించడానికి నాకు పనికొచ్చినవి మూడు. ఉల్లి, వెల్లుల్లి, మిరియాలు ధారాళంగా వేయడం, ఇవి ఆ చర్యని నెమ్మదింపజేస్తాయి. డబ్బాలో గాలి మిగలకుండా కూరని చెంచాతో నొక్కి సర్దడం. మూడోది అన్నిటికన్నా ముఖ్యం, మూడు రోజులు దాటేదాన్ని మొదటి రోజే ఫ్రీజర్‌లో పెట్టడం. బుధవారం దాకా చూసి, మిగిలిందని అప్పుడు ఫ్రీజర్‌లో పెడితే ఆ వాసన కూడా గడ్డకట్టి అలాగే ఉంటుంది.

వండినది ఫ్రిజ్‌లో 3 నుంచి 4 రోజులు. ఫ్రీజర్‌లో, అంటే మైనస్ 18 దగ్గర, ఇంకా ఎక్కువ కాలం చెడదు గానీ రుచి కోసం రెండు మూడు నెలల్లో తినేయడం మంచిది.

పప్పుగింజ

బంగాళాదుంప వేయొచ్చా అని ఇంతకుముందు ఎవరో నాకు విడిగా రాశారు. ఫ్రిజ్ డబ్బాలకి వేయొచ్చు, ఫ్రీజర్ డబ్బాలకి వద్దు. గడ్డకట్టి కరిగాక దుంప స్పాంజిలా, ఇసుక ఇసుకగా అవుతుంది. వేసేటట్లయితే టమాటా పేస్ట్ కంటే ముందే దుంప ఉడికిపోవాలి. పులుపు తగిలాక దుంప ఎంతసేపు ఉంచినా బిరుసుగానే ఉంటుంది.

వారం డబ్బాలు

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు. అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. నిన్న ఆదివారం మీరు చెప్పినట్టే చేశాను, వివరంగా చెప్తాను.

కీమాకి వంటసోడా పట్టించి పక్కన పెట్టి, ఆ పదిహేను నిమిషాల్లో కూరగాయలు కోసుకున్నాను. పప్పు వేరే పొయ్యి మీద. కీమా రెండు విడతలుగా వేశాను. మొదటి విడతలో తొందరపడ్డాను, కుతకుతమంటుండగానే కదిపేశాను, బూడిద రంగు దాటలేదు. రెండో విడతకి చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఐదో నిమిషంలో చప్పుడు మారింది. నిజంగా మారిందండి, చిటపటలాడుతూ నూనె చుక్కలు చేతి మీదికి ఎగిరాయి. తిప్పి చూస్తే అడుగంతా కాల్చిన రొట్టె రంగు. ఇన్నాళ్లూ అదే పొయ్యి, అదే బాణలి, అదే కీమా. నాకు చాలా సంతోషమేసింది. మొదటి విడతని కూడా మళ్లీ బాణలిలో వేసి చిటపటలాడేదాకా ఉంచాను.

జుకీని మానేసి అర క్యాబేజీ వేశాను. టమాటా పేస్ట్ మధ్యలో వేయించాను. దించేటప్పుడు క్యారెట్ ఇంకా గట్టిగా ఉందని మా ఆయన అన్నారు. అలాగే ఉండాలని చెప్పాను. ఆఖర్న కుప్ప చేసి థర్మామీటర్ పెట్టి చూస్తే 80 చూపించింది.

ఎనిమిది డబ్బాలు వచ్చాయి. ఆరు ఫ్రిజ్‌లో, రెండు ఫ్రీజర్‌లో. బుధవారం తిన్నాక మళ్లీ రాస్తాను. ఒక సందేహం, బాణలి అడుగున గోధుమ రంగులో అంటుకున్నది గోకి తీసేయాలా?

ఇనుప పెనం

అయ్యో, అది పారేయకండి! రుచి మొత్తం అందులోనే ఉంది. ఉల్లిపాయలు వేసినప్పుడు రెండు చెంచాల నీళ్లు చల్లి చెక్క గరిటెతో గీకితే లేచి కూరలో కలిసిపోతుంది. నీళ్లు వద్దన్నది నేనే, కానీ ఈ రెండు చెంచాలు అర నిమిషంలో ఆవిరైపోతాయి. నల్లగా మాడి చేదెక్కితే మాత్రం వదిలేయండి.

మూడు పూటల

రెండు విడతలు, వేరే పొయ్యి మీద పప్పు, జల్లెడ, ట్రే. మొత్తం ఎంతసేపు పట్టింది? నాకు వారంలో ఒక గంటే దొరుకుతుంది.

వారం డబ్బాలు

మొదటిసారి కాబట్టి గంటా ఇరవై నిమిషాలు. అందులో సగం కోసుకోవడానికే పోయింది.

నిదానం

కోయడం ముందు రోజు రాత్రి పెట్టుకోండి. క్యారెట్, క్యాబేజీ, క్యాప్సికం కోసి పొడి బట్టతో తుడిచి డబ్బాలో పెడితే మర్నాటికి ఏమీ కావు. తడిగా పెట్టకండి, కడిగిన తడి కూడా బాణలిలో కుతకుతకే దారి తీస్తుంది. ఉల్లిపాయ మాత్రం అప్పుడే కోసుకోవాలి, లేకపోతే ఫ్రిజ్ నిండా అదే వాసన. టైమ్ అసలు లేనివాళ్లు ఫ్రీజర్ కూరగాయలు వాడుకోవచ్చు, తక్కువేమీ కాదు. బాణలి బాగా కాలి ఉండాలి, కొంచెం కొంచెంగా వేయాలి, అంతే.

హాస్టల్ వంట

చవగ్గా దొరికిన రోజు కీమా ఎక్కువ కొనేవాళ్ల కోసం ఒక మాట. పచ్చి కీమా ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులే ఉంటుంది. ఇంటికి రాగానే అర కిలో చొప్పున సంచుల్లో వేసి, అరచేత్తో నొక్కి పుస్తకంలా చదునుగా చేసి ఫ్రీజర్‌లో పెట్టండి. ముద్దగా పెడితే కరగడానికి రోజు దాటుతుంది, పైన మెత్తబడినా మధ్యలో రాయిలా ఉంటుంది. చదునుది ఫ్రిజ్‌లో ఒక రాత్రికే కరుగుతుంది. కరిగేటప్పుడు కింది అరలో, పళ్లెంలో పెట్టండి, ఆ నీరు వేరే వాటి మీద కారకూడదు. వంటగట్టు మీద పెట్టి కరిగించవద్దు. మర్చిపోయి తొందరపడాల్సి వస్తే సంచి మూతి బిగించి చల్లటి నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చండి.

రెండో షిఫ్ట్

ట్రేలో పరిచే పద్ధతి నిన్న రాత్రి చేశాను. పదకొండున్నరకి పరిచాను, పన్నెండుకల్లా డబ్బాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. పొద్దున మరిగించే పని కూడా తప్పింది. కొలతల మనిషి గారికి, ఫ్రీజర్ నిండా గారికి నమస్కారాలు.

వారం డబ్బాలు

బుధవారం. ఆఫీసులో ఇప్పుడే తిన్నాను.

మూత తీయగానే ముందు మూత లోపలి వైపు చూశాను. పొడిగా ఉంది. అడుగున నీళ్లు లేవు, ఎర్రటి నూనె చెమ్మ కొంచెం ఉందంతే. క్యాబేజీ ఇంకా కరకరలాడుతోంది. క్యారెట్ సరిగ్గా ఇవాళ్టికి ఉడికింది, నిదానం గారు చెప్పినట్టే. పాత వాసన పూర్తిగా పోలేదు, కానీ వెతికితే తప్ప తెలియడం లేదు. వెల్లుల్లి ఈసారి మూడు రెబ్బలే వేశాను, వచ్చేవారం ఆరు వేస్తాను. పప్పు సంగతి మా ఆయనకి చెప్పలేదు, ఆయన అడగలేదు.

ఒక లోపం ఉంది. వేడి చేసినప్పుడు అంచులు పొగలు కక్కుతున్నాయి, మధ్యలో చల్లగానే ఉంది.

కొలతల మనిషి

మైక్రోవేవ్‌లో పెట్టే ముందు కూరని అంచులకి జరిపి మధ్యలో గుంట చేయండి. సగం టైమ్ అయ్యాక తీసి ఒకసారి కలిపి మళ్లీ పెట్టండి. ఆపాక ఒక నిమిషం అలాగే వదిలేస్తే వేడి సర్దుకుంటుంది. మళ్లీ వేడి చేసినప్పుడు అన్ని చోట్లా 74 డిగ్రీలు చేరాలి. ఎంత తింటారో అంతే వేడి చేయండి, వేడి చేసినదాన్ని మళ్లీ దాచొద్దు.

వారం డబ్బాలు

గుంట పద్ధతి రేపే చూస్తాను. గురువారం డబ్బాలు రెండూ ఇప్పుడే ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్‌లోకి మార్చాను. వచ్చే ఆదివారానికి కీమా అర కిలో చొప్పున రెండు సంచులు చదును చేసి పెట్టాను. ఒకటి శనివారం రాత్రి కింది అరలోకి దించుతాను, దాని కింద పెట్టడానికి పళ్లెం కూడా తీసి ఉంచాను.